రెండు అట్టపెట్టెలు

మా వైపు అన్నదమ్ములు కొట్టుకున్నారంటే పొలం గట్టు కోసమో, బోరు నీళ్ల కోసమో అయి ఉంటుంది. మా నాయన మాత్రం మా చిన్నాయన చెయ్యి ఒక అట్టపెట్టె కోసం విరగ్గొట్టాడు. అందులో ఉన్నది ఒక సీడీ, ఒక చిన్న పుస్తకం. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టం తాలూకు కొత్త ఎడిషన్ అది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది. నవ్వుకోనీ. ఆ ఎముక విరిగిన చప్పుడు విన్నదాన్ని నేను, నాకు నవ్వు రాదు.

చిన్నాయన పోయిన నెల సూళ్లూరుపేటలో చనిపోయాడు. నేను వెళ్లాను, నాయన రాలేదు. నాయనకు ఎనభై దాటాయి, తిరుపతిలో మా ఇంట్లోనే ఉంటాడు, ముందు గదిలో మంచం మీద. తమ్ముడు పోయాడని చెబితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. కర్మాంతరం అయ్యాక మొన్న చిన్నాయన కూతురు హేమ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతుంటే ఆ పిల్ల చేతిలో పసుపుపచ్చ గుడ్డసంచి కనిపించింది. బట్టలకొట్టు పేరు వెలిసిపోయింది. తెగిన పట్టీని నల్లదారంతో కుట్టారు. ఆ కుట్టు మా అమ్మది. ఆ సంచి గురించి నాయన నోట బతుకంతా విన్నాను. దాన్ని నేను చివరిసారి చూసిన రోజున దాని మీద నెత్తురు ఉంది.

అప్పట్లో మా ఇల్లూ అంగడీ ఒకటే. లాడ్జీల వీధిలో ముందు వైపు ప్రెస్సు, వెనక వైపు మా కాపురం. పొద్దున లేస్తూనే ముక్కుకు తగిలేది మైదాబంక వాసన. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అమ్మ దాన్ని పెద్ద గిన్నెలో కాచేది. సంగటి కెలికే తెడ్డు వేరు, బంక కెలికే తెడ్డు వేరు. అవి రెండూ మారిపోయాయంటే అవ్వ చేతిలో ఊదుగొట్టం లేచేది. అవ్వంటే నాయన తల్లి. పొయ్యి ముందు కూర్చుని, దవడలో తమలపాకు పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచే ఎవరినైనా అందుకోగలిగేది. ఇద్దరు కొడుకులనూ మీసాలు వచ్చాక కూడా ఆ గొట్టంతో బాదింది. నాయన ఆ విద్య బాగా పట్టుకున్నాడు. చిన్నాయనకు అది అబ్బలేదు. ఒకే తల్లి, ఒకే గొట్టం, ఒకడు అలా, ఒకడు ఇలా ఎందుకయ్యారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాయన చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. ఎక్కువగా దొరికేది స్టీలు స్కేలు. కాగితాలు కోయడానికి ఆనించుకునే రెండడుగుల స్కేలు, మందంగా, బరువుగా ఉండేది. పని లేనప్పుడు గోడకు మేకుకు వేలాడేది. పెళ్లిపత్రికలో నక్షత్రం తప్పుపడితే అది నా వీపు మీద పడేది. కూరలో ఉప్పు ఎక్కువైతే అమ్మ భుజం మీద పడేది. అమ్మ చనిపోయినప్పుడు స్నానం చేయించింది నేనే. ఆ భుజం మీద అంచు దిగిన గుర్తు అప్పటికీ ఉంది. నాయన కొట్టడం మొదలుపెడితే అవ్వ ఆపేది కాదు, పక్క లాడ్జి వాళ్లు ఆపేవాళ్లు కాదు, గిరాకీలు వాకిట్లో నిలబడి రసీదు పుస్తకాల కోసం ఎదురుచూసేవాళ్లు. ఆపేవాడు చిన్నాయన ఒక్కడే. మునిరత్నం ఆయన పేరు. సన్నటి మనిషి. మెల్లగా వచ్చి మధ్యలో నిలబడి, ఒకటో రెండో తను తిని, "ఇంక సాల్లే అన్నా" అని నాయన చేతిలోంచి స్కేలు తీసుకుని దాని మేకుకు దాన్ని తగిలించేవాడు. తరవాత ఏమీ జరగనట్టు వెళ్లి కీబోర్డు ముందు కూర్చునేవాడు. ఆ మేకుకు స్కేలు తగిలిన చప్పుడు వింటే మాకు ప్రాణం లేచొచ్చేది.

కీబోర్డు అన్నాను కదా. సీసం అక్షరాలు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు నాయన దాని దగ్గరికి పోలేదు. భయం. ఆ భయం బయటపడకుండా, ఇది కూర్చుని చేసే పని, తమ్ముడికే తగుతుంది అనేవాడు. చిన్నాయన మద్రాసుకు పోయి నేర్చుకుని వచ్చాడు. ఆయన వేళ్లు కీబోర్డు మీద ఆడుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ప్రెస్సు బతికింది ఆ కుడిచేతి వల్లే అని మా అందరికీ తెలుసు. నాయనకు అందరికన్నా బాగా తెలుసు. అదే ఆయన కడుపుమంట.

ఇంతలో ఒక కాలేజీ పని వచ్చింది. ఏడాది పొడుగునా అచ్చు పని. ఇక గిరాకీల కోసం ఎదురుచూడనక్కర్లేదు. కానీ వాళ్లు ఒక షరతు పెట్టారు. కంప్యూటరులో ఉన్నదంతా లైసెన్సుతో కొన్నదే అయి ఉండాలి, ఆపరేటింగ్ సిస్టం కొత్త ఎడిషన్ అయి ఉండాలి. దొంగ కాపీలు వేసుకున్న అంగళ్ల మీద తనిఖీవాళ్లు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి యంత్రాలు ఎత్తుకుపోతున్న రోజులు. మా వీధి చివర ఒక అంగడిలో అలాగే జరిగింది. మా దగ్గర పాత ఎడిషన్ అట్టపెట్టె ఉంది, చక్కగా కొన్నది, మొదటి కంప్యూటరులో ఎక్కించి ఉంది. కొత్తది కావాలి. నాయన చిన్నాయనతో ఒక్క మాట చెప్పకుండా మద్రాసుకు ఫోను చేసి తెప్పించాడు. దాంతోబాటు కొత్త కంప్యూటరు కూడా ఒకటి తెప్పించాడు. సీడీ పెట్టె చౌకలో వచ్చిందని ఆ రోజంతా మీసం తిప్పుకుంటూ తిరిగాడు. ఎందుకు చౌకో అడగలేదు.

అది పూర్తి ఎడిషన్ కాదు. అప్‌గ్రేడ్ ఎడిషన్. పాతది ఉన్నవాళ్లకు మాత్రమే అమ్మేది, పాతదాని మీద ఎక్కించుకునేది. ఎక్కించేటప్పుడు నీ దగ్గర పాతది ఉందా, చూపించు అని అడుగుతుంది. ఎక్కించాక ఆ పాతదాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇంకో యంత్రంలో వాడకూడదు. చెల్లుబాటుకు పాత పెట్టే, కొత్త పెట్టే కలిపి ఒకటే. ఇదంతా పెట్టె వెనకాల సన్న అక్షరాల్లో రాసి ఉంది. మా ఇంట్లో ఎవరూ చదవలేదు, ఎందుకంటే పెట్టె వచ్చింది ఆషాఢంలో. శ్రావణం వచ్చేదాకా కొత్త వస్తువు విప్పడం మా ఇంట్లో లేదు. అవ్వ దాని మీది ప్లాస్టిక్ కాగితానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఎవరూ తాకకూడదంది. కొత్త కంప్యూటరు కూడా దుప్పటి కప్పుకుని మూలన కూర్చుంది.

మంచి పనులకు అడ్డొచ్చే ఆషాఢం ఇల్లు ముక్కలవడానికి అడ్డు రాలేదు. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, కడిగిన బిందె తెస్తూ కొత్త కంప్యూటరు దగ్గర నాలుగు చుక్కలు ఒలికించింది. నాయన స్కేలు తీసి ఆమె వీపు మీద కొట్టాడు. ఆమె కిందపడింది. పడినదాన్ని మళ్లీ కొట్టాడు. చిన్నాయన లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు "సాల్లే అన్నా" అనలేదు. స్కేలు గుంజుకుని వీధిలోకి విసిరేశాడు. అది రోడ్డు మీద ఖంగుమని పడింది. నాయన ముఖం చూసి నాకు భయమేసింది. తన చెయ్యే తెగి వీధిలో పడినట్టు చూశాడు. అవ్వ ఊదుగొట్టం పట్టుకుని చిన్నాయన మీదికి లేచింది, అన్న చేతిలోది లాక్కుంటావా అని. ఆ సాయంత్రానికే భాగాలు పంచమని అడిగాడు చిన్నాయన.

పంచడానికి వడమాలపేట నుంచి అవ్వ తమ్ముడు వచ్చాడు. పొలాలు పంచి పంచి ఆరితేరిన మనిషి. మాలో పద్ధతేమిటంటే, పెద్దవాడు రెండు కుప్పలు పెడతాడు, చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. అలాగైతే పెద్దవాడు మోసం చేయలేడు. నాయన పెట్టాడు. ఒక కుప్పలో తొక్కుడు అచ్చు మిషను, కాగితం కోసే మిషను, పాత కంప్యూటరు, పాత పెట్టె. ఇంకో కుప్పలో కొత్త కంప్యూటరు, కొత్త పెట్టె, బీరువా, కుర్చీలు. పాతదానికి పాతది, కొత్తదానికి కొత్తది, ఆవుకు ఆవు దూడ, బర్రెకు బర్రె దూడ అన్నట్టు పంచేశాడు. పంచాయితీ పెద్ద భలే అన్నాడు. విడదీయకూడని దాన్ని విడదీస్తున్నామని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. తమ్ముడు మర్యాదకైనా కొత్తది అన్నకు వదిలేస్తాడని నాయన నమ్మకం. చిన్నాయన కొత్త కంప్యూటరు మీద చెయ్యి పెట్టాడు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే మరి. నాయన లేచి కుర్చీని కాలితో తన్నాడు. అది వెళ్లి అమ్మ మోకాలికి తగిలింది.

చిన్నాయన వడమాలపేటలో చిన్న గది బాడుగకు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాతి రోజుల్లో మా ఇంట్లో స్కేలుకు అడ్డం ఎవరూ లేరు. నాయన దాన్ని వీధిలోంచి తెచ్చుకుని మేకుకు తగిలించడం మానేసి చేతిలోనే ఉంచుకునేవాడు. అన్నం తినేటప్పుడు కూడా తొడ పక్కన ఉండేది. కాలేజీ పని నాయన దగ్గరే ఉండిపోయింది, వాళ్లు గడువు పెట్టారు. దగ్గర కొత్త ఎడిషన్ లేదు. ఆ కోపం అమ్మ మీదా నా మీదా పడేది.

శ్రావణం రాకముందే ఒక పొద్దున చిన్నాయన వచ్చాడు. నేను ముందు గదిలో ప్రూఫులు దిద్దుతున్నాను. నాయన బల్ల దగ్గర పెళ్లిపత్రికలు కోస్తున్నాడు. చిన్నాయన చంకలో ఈ పసుపుపచ్చ సంచి ఉంది. నన్ను చూసి నవ్వాడు. బల్ల దగ్గరికి వచ్చి సంచి కింద పెట్టి, గూట్లో ఉన్న పాత పెట్టె వైపు కుడిచెయ్యి చాపి, "అన్నా, ఆ పాత పెట్టె ఇట్ల తీయి, నీకొకటి సెప్పల్ల" అన్నాడు.

"కొత్తది తీసకపోయింది సాల్లేదా నీకు? సంచి గూడా తెచ్చుకున్నావే" అన్నాడు నాయన.

చిన్నాయన ఏదో చెప్పబోయాడు. స్కేలు అంచు ఆయన మణికట్టు మీద పడింది. చాపిన చెయ్యి బల్ల మీద పడింది. నాయన దాన్ని ఎడమచేత్తో అక్కడే అదిమిపట్టి మళ్లీ కొట్టాడు. మళ్లీ. అప్పుడు విన్నాను ఆ చప్పుడు. ఎండిన చెరకు విరిచినట్టుంది. చిన్నాయన అరవలేదు. "అన్నా, అన్నా" అంటూనే ఉన్నాడు. నేను నాయన వీపు మీద పడి గోళ్లతో రక్కాను, ఒక్క విదిలింపుతో గోడకు కొట్టాడు నన్ను. అమ్మ వచ్చి నాయన కాళ్లు పట్టుకుంది. కోసిన పెళ్లిపత్రికలన్నీ ఎర్రబడ్డాయి. చేతివేళ్లు ఏ వైపుకు ఉండాలో ఆ వైపుకు లేవు. చిన్నాయన ఎడమచేత్తో కింద ఉన్న సంచి తీసుకుని, దాన్నే విరిగిన చేతికి ఆనించుకుని నడిచి వెళ్లిపోయాడు. సంచిలో ఏముందో మేమెవరమూ చూడలేదు.

పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది. తెగిన నరాలు అతకలేదు. వేళ్లు ముడుచుకుపోయి ఆ చెయ్యి చొక్కాలోంచి వేలాడేది. కీబోర్డుకు పనికిరాని మనిషికి కంప్యూటరు ఎందుకు, అమ్మేసి పెళ్లాన్ని తీసుకుని సూళ్లూరుపేట పోయాడు. అక్కడ ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా పని. పెళ్లిళ్లకు పిలిస్తే వచ్చేవాడు, అక్షింతలు ఎడమచేత్తో వేయలేక ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, బంతిలో మాత్రం కూర్చునేవాడు కాదు. నలుగురిలో ఎడమచేత్తో ఎలా తినాలి? ఎవరైనా అడిగితే ఆకలి లేదనేవాడు. నా పెళ్లిలోనూ ఆకలి లేదన్నాడు. నేను పీటల మీద కూర్చుని అది చూశాను. మా నాయన మీద నాకు ఆ పూట పుట్టిన కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

నాయన గతి కూడా చెప్పాలి. కాలేజీ గడువు దాటకుండా ఎవరి చేతో కొత్త ఎడిషన్ దొంగ కాపీ వేయించాడు. కీబోర్డు ముందు ఒక జీతపు కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు, పని మొదలైంది. తనిఖీవాళ్లు వచ్చారు. పెట్టె చూపించమన్నారు. పాత పెట్టె చూపించాడు. ఇది కాదు, కొత్తది చూపించమన్నారు. లేదు. యంత్రానికి చెయ్యి వేస్తే నాయన స్కేలు ఎత్తాడు. వెంట వచ్చిన కానిస్టేబులు లాఠీతో మోకాళ్ల వెనక ఒకటి, మెడ మీద ఒకటి ఇచ్చాడు. వీధి వీధంతా నిలబడి చూస్తుండగా నాయన రోడ్డు మీద బోర్లాపడ్డాడు, లుంగీ ఊడిపోయింది. ఆపడానికి అక్కడ ఎవరూ లేరు. యంత్రం పోయింది, కాలేజీ పని పోయింది, ఏడాది తిరక్కుండా ప్రెస్సు పోయింది. ఇంత జరిగినా నాయన ఒకే మాట మీద నిలబడ్డాడు. తనిఖీవాళ్లను పంపింది తమ్ముడే. వాడు దొంగ. దొంగ కాకపోతే ఆ రోజు సంచి ఎందుకు తెచ్చుకున్నాడు? పాతది కూడా ఎత్తుకుపోవడానికే గదా? బంధువులు ఎవరు నిలదీసినా ఆ సంచిని సాక్ష్యానికి పిలిచేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఊళ్లో చాలామంది నమ్మారు కూడా.

ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న లాప్‌టాప్ రోజూ నన్ను అడుగుతోంది, కొత్త ఎడిషన్‌కు మారతావా అని. సీడీ లేదు, పెట్టె లేదు, బొట్టు పెట్టడానికి చోటు లేదు. అంగీకరిస్తున్నాను అన్న చోట వేలు నొక్కితే చాలు. షరతులు అప్పటికన్నా పొడుగయ్యాయి, అప్పుడూ ఇప్పుడూ చదివేవాళ్లు లేరు. చాలావరకు నెలనెలా బాడుగ కడుతున్నంత కాలమే మనది. అన్నదమ్ములు కుప్పలు పెట్టి పంచుకోవడానికి చేతికందేది ఏమీ మిగల్లేదు. ఒక్కోసారి అదే నయమనిపిస్తుంది. మరుక్షణం, కొట్టేవాడికి పెట్టెలే కావాలా, బిందెలోంచి ఒలికిన నాలుగు చుక్కలు చాలవా అని నాకు నేనే చెప్పుకుంటాను.

హేమ లోపలికి వచ్చి నాయనకు దూరంగా కూర్చుంది. పెద్దనాయనా బాగుండావా అని కూడా అనలేదు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి తండ్రి కుడిచెయ్యి అలా వేలాడటమే చూసింది, నేను తప్పుపట్టను. సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఎక్కడా చినగలేదు. పసుపు నల్లబడింది. మధ్యలో అవ్వ పెట్టిన కుంకుమ బొట్టు తుప్పు మరకలా మిగిలి ఉంది. మూలన మాత్రం వేరే మరక ఉంది, అది కుంకుమ కాదు. నేను పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. విప్పలేదా అని అడిగాను.

"లేదక్కా" అంది హేమ. "ఆ పొద్దు దీన్ని సంచిలో పెట్టుకోని మీ ఇంటికి వచ్చినాడంట. వెనకాల రాసిండేది సదివినాడంట. రెండు పెట్టెలూ ఒక సోట ఉంటేనే సెల్తాదని, కాలేజీ పని అన్న దగ్గర ఉండాది గదా, అన్నకే ఇచ్చేద్దామని వచ్చినాడంట. ఆసుపత్రిలో సెప్పినాడు నాకు. నేను పొయినాక ఇచ్చిరా మే, అది నాది కాదు అన్నాడు."

అన్ని ఏళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎన్నిసార్లు చెప్పబోయినా వినేవాళ్లు ఎవరని తిరిగి అడిగింది హేమ. ఒక్క పెట్టె. అది బల్ల మీదికి వచ్చి ఉంటే ప్రెస్సు ఉండేది, కాలేజీ పని ఉండేది, చిన్నాయన చెయ్యి ఉండేది, మేకుకు స్కేలు తగిలించే మనిషి ఆ ఇంట్లో మళ్లీ ఉండేవాడు. అడుగు దూరంలో, కింద, సంచిలో ఉంది అది.

నేను ఆ పెట్టె తీసుకెళ్లి నాయన ఒళ్లో పెట్టాను. మెల్లగా కాదు, విసిరినట్టే పెట్టాను. చూపు సరిగా ఆనదు ఆయనకు. వేళ్లతో తడిమాడు. ప్లాస్టిక్ కాగితం అంచులన్నీ గోరుతో వెతికాడు, ఎక్కడైనా విప్పి మళ్లీ అంటించిన గుర్తు దొరుకుతుందేమోనని. బొట్టు దగ్గరికి వచ్చి వేలు ఆగింది.

"మా యమ్మ పెట్టిన బొట్టు ఇది" అన్నాడు. వేలు తీయకుండానే, "మరి వాడు సంచి తెచ్చుకున్నాడే" అన్నాడు.

"ఆ సంచిలో ఉండింది ఇదే నాయనా" అన్నాను.

హేమ లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నాయన పెట్టెను పక్కన పెట్టాడు. స్కేలు ఎక్కడుందని అడిగాడు. అది బీరువా మీద ఉంది. ప్రెస్సు సామాన్లలో మాకు మిగిలింది అదొక్కటే. తెచ్చి చేతికిచ్చాను. ఆయన దాన్ని తీసుకోకుండా నా వైపే నెట్టి, కుడిచేతిని మంచంపట్టె మీద చాపి, వేళ్లు విప్పి పెట్టాడు. ముడతలు పడ్డ చెయ్యి. కళ్లు మూసుకున్నాడు.

"కొట్టు" అన్నాడు.

స్కేలు నా చేతిలో ఉంది. బరువు అప్పటి బరువే. నాదీ ఆయన రక్తమే, ఎలా పట్టుకోవాలో ఎక్కడ అంచు దించాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎత్తాను కూడా. అప్పుడు తెలిసింది ఆయన అడుగుతున్నదేమిటో. ఒక్క దెబ్బ తినేస్తే తీరిపోతుందని అడుగుతున్నాడు. కొట్టలేదు. జాలిపడి మాత్రం కాదు. వెళ్లి గోడకున్న క్యాలెండరు తీసేసి, ఆ మేకుకు స్కేలు తగిలించాను. ఆ చప్పుడు విని నాయన కళ్లు తెరిచాడు గాని, చెయ్యి తీయలేదు. హేమ కాఫీ తాగి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సుకు బయల్దేరేదాకా ఆ చెయ్యి మంచంపట్టె మీద అలాగే చాపి ఉంది.